ముంపు సర్వేలో ఆమె కొట్టునూ రాయండి

సంపాదకులకు,

పోలవరం నిర్వాసితుల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. కాలనీలో ఇళ్లెన్ని పూర్తయ్యాయి, ప్యాకేజీ ఎంతమందికి పడింది, భూమికి భూమి ఎవరికి దక్కింది అన్న లెక్కలే వాటిలో ఉంటాయి. ఊరు ఖాళీ అయిన రోజున ఆ ఊళ్లో చిల్లర కొట్టు నడిపిన ఆమె, జాకెట్లు కుట్టిన ఆమె, సంతకు ఎండు చేపల గంప మోసుకెళ్లిన ఆమె, అడ్డాకు విస్తళ్లు కుట్టి అమ్మిన ఆమె ఏం పోగొట్టుకున్నారన్న లెక్క మాత్రం ఎక్కడా దొరకదు. జలాశయంలో నీరు నిలిచే ఎత్తును బట్టి గీసిన 41.15 మీటర్ల కాంటూరు (ముంపు గీత) తర్వాత 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టం దాకా ఉన్న ఊళ్లు ఇంకా కదలాల్సి ఉంది. కనీసం వాళ్ల విషయంలోనైనా ఈ లెక్కను సర్వే దశలోనే కాగితం మీద పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

గిరిజనేతర కుటుంబానికి 6.36 లక్షలు, గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు అని అందరి నోటా వినిపించే పునరావాస ప్యాకేజీ మొత్తాన్ని ఒకసారి విడదీసి చూడండి. ఉద్యోగానికి బదులు 5 లక్షలు. నెలకు 3 వేల చొప్పున ఏడాది జీవనభృతి 36 వేలు. సామాను తరలింపుకు 50 వేలు. పునరావాస భత్యం మరో 50 వేలు. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే గిరిజనులకు అదనంగా 50 వేలు. కూడిక అక్కడితో సరిపోయింది. ఈ ప్యాకేజీకి ఆధారమైన 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో ఇంకో రెండు పద్దులున్నాయి. పశువుల పాకో చిన్న కొట్టో ఉన్న కుటుంబానికి దాన్ని మళ్లీ కట్టుకోవడానికి కనీసం 25 వేలు. చేతివృత్తివారు, చిరువ్యాపారులు, స్వయం ఉపాధి మీద బతికేవారు అయితే ఒకేసారి ఇచ్చే సాయం కనీసం మరో 25 వేలు. రెండూ వేర్వేరు పద్దులు. మొదటిది కట్టడానికి, రెండోది బతుకుతెరువుకు. పై కూడికలో ఈ రెండూ లేవు. సర్వే ఫారంలోని వృత్తి గడిలో వ్యాపారమని రాసి ఉంటేనే వీటి ప్రస్తావన వస్తుంది.

ఆ గడి దగ్గరే తేడా వస్తోంది. సర్వేకు వచ్చినవారు ఇంటి యజమానిని అడుగుతారు. ఆయన వ్యవసాయమనో కూలీ అనో చెబుతాడు, ఆ కుటుంబానికి వృత్తి అదే అయిపోతుంది. ఇంటావిడ పంచలో చెక్క బల్ల వేసి నడిపిన కొట్టు ఇంటి కొలతల్లో కలిసిపోతుంది. గోడకూ కప్పుకూ విలువ కడతారు, అక్కడ నడిచే అమ్మకం విలువ ఎవరూ అడగరు. వితంతువులు, విడాకులు తీసుకున్నవారు, భర్త వదిలేసినవారు చట్టం ప్రకారం విడి కుటుంబాలే కాబట్టి వాళ్ల పేరైనా జాబితాకెక్కుతుంది. భర్త ఉండి, సొంతంగా వ్యాపారం చేసే ఆమే ఎక్కువగా కనబడకుండా పోతోంది. సొంత భూమి లేకున్నా, భూసేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేసుకుంటూ దాని మీదే ప్రధానంగా బతికినవారిని బాధిత కుటుంబంగా గుర్తించాలని చట్టం చెబుతోంది. అందుచేత ఆ మూడేళ్లకు రుజువు కావాలి.

చిన్న వ్యాపారికి రుజువు ఎక్కడుంటుందని నిరాశపడనక్కర్లేదు. డ్వాక్రా సంఘం సూక్ష్మ రుణ ప్రణాళికలో ఏ సభ్యురాలు ఎంత, ఎందుకు తీసుకుందో రాసి ఉంటుంది. ‘కిరాణా’, ‘కుట్టుమిషను’ అని ఏళ్ల తరబడి ఉన్న ఆ పేజీల నకళ్ల మీద ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం అధ్యక్షురాలితో, ఆ సంఘం లెక్కలు రాసే వీఓఏతో సంతకం పెట్టించుకుంటే అంతకంటే గట్టి కాగితం ఉండదు. సంఘ సభ్యులకు అప్పిచ్చే స్త్రీనిధి రుణ పత్రాలు, హోల్‌సేల్ కొట్టు బిల్లులు, వాయిదాలు కట్టిన బ్యాంకు పాస్‌బుక్కు దానికి తోడు చేర్చాలి. కొట్టు తెరిచి ఉండగా, సరుకు కనిపించేలా, ఆమె నిలబడి ఉన్న ఫొటో ఒకటి తీయించాలి. ఫలానా వారు ఫలానా వ్యాపారం చేస్తున్నారని పంచాయతీ తీర్మానంలో పేర్లు రాయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఊరు ఖాళీ అయ్యాక ఆ పంచాయతీ ఎక్కడుంటుందో, కార్యదర్శి ఎక్కడికి బదిలీ అవుతాడో తెలియదు.

చట్టం 31వ సెక్షన్ ప్రకారం పునరావాస అవార్డులో, అంటే ఏ కుటుంబానికి ఏం ఇవ్వాలో కలెక్టరు ఇచ్చే ఉత్తర్వులో, చిన్న కొట్లకు ఇచ్చేది ఎంత, చేతివృత్తివారికీ చిరువ్యాపారులకూ ఇచ్చేది ఎంత, డబ్బు పడే బ్యాంకు ఖాతా నంబరు ఏది అన్నవి విడివిడిగా ఉండాలి. అవార్డు నకలు చేతికి రాగానే చూడాల్సింది ఈ మూడే. అవి లేకపోతే 64వ సెక్షన్ కింద కలెక్టరుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, ఇలాంటి వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని కోరాలి. అవార్డు ఇచ్చిన రోజున హాజరై ఉంటే అందుకు గడువు ఆరు వారాలే. సామాను సర్దుకునే హడావుడిలోనే ఆ ఆరు వారాలు గడిచిపోతాయి.

పాతిక వేలతో ఏమవుతుందని తీసిపారేసేవారున్నారు. సమయానికి చేతికందితే చాలా అవుతుంది. ఎలాగో చెప్పడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. రోజుకు వెయ్యి రూపాయల అమ్మకం ఉన్న చిల్లర కొట్టు. నూటికి పది మిగులు అనుకుంటే సరుకు కొనుగోలు 900. పది రోజుల సరుకు అంటే 9 వేలు. పాత ఊళ్లో హోల్‌సేల్ షావుకారు ముఖం ఎరిగినవాడు. సగం సరుకు అరువిచ్చి, సంత రోజున వసూలు చేసుకునేవాడు. ఆమె సొంత డబ్బు 4,500 సరుకులో, మరో 5 వేలు వాడుకదార్ల ఖాతాల్లో ఉండేది. కొత్త చోట షావుకారు నగదు లేనిదే బస్తా దించడు. కొనేవాళ్లు మాత్రం మునుపటిలాగే కూలి డబ్బు వచ్చాకే ఇస్తామంటారు. అంటే సరుకుకు 9 వేలు, అరువులకు 5 వేలు, మొత్తం 14 వేలు ఒక్క నెలలోనే కావాలి. పాత 5 వేలేమో నాలుగు కాలనీలకు చెదిరిపోయిన వాడుకదార్ల దగ్గర చిక్కుకుంది. ఆటో బాడుగ, రెండు నెలల ఇంటి ఖర్చు కలిపితే ఆ పాతిక వేలు సరిగ్గా సరిపోతాయి. తరలింపుకు ముందు ఇస్తే పెళ్లికో అప్పుకో పోతుంది, ఏడాది తర్వాత ఇస్తే అప్పటికే ఆమె నూటికి మూడు నాలుగు రూపాయల నెలవడ్డీకి తెచ్చుకుని ఉంటుంది. సగం తరలింపు రోజున, సగం కొట్టు తెరిచాక ఆమె సొంత ఖాతాలోనే వేయాలన్నది మా గట్టి అభిప్రాయం.

కదలబోయే ఊళ్లలోని అక్కచెల్లెళ్లు చేసుకోవాల్సిన పని ఒకటుంది. తరలింపు తేదీ తెలిసిన నాటి నుంచి కొత్త అరువులు తగ్గించండి. ఎవరెంత బాకీయో పుస్తకంలో రాసి, వాళ్లచేతే సంతకమో వేలిముద్రో వేయించండి. ప్యాకేజీ డబ్బు ఖాతాల్లో పడే వారం బాకీల వసూలుకు మంచి సమయం. అది దాటితే ఆ డబ్బు బైకు షోరూముకు వెళ్లిపోతుంది. షావుకారుకు మీరు ఇవ్వాల్సింది కూడా తీర్చేసి, ఫలానావారు సక్రమంగా చెల్లించారని ఆయన చేత రెండు ముక్కలు రాయించుకోండి. కొత్త చోట హోల్‌సేల్ వ్యాపారికి ఆ చీటీ చూపిస్తే అరువు పుట్టే అవకాశం ఉంటుంది.

కాలనీలో ఎక్కువ కొట్లు మూతపడేది చేతకాక కాదు, అందరూ ఒకే నెలలో ఒకే వ్యాపారం మొదలుపెట్టడం వల్ల. 300 ఇళ్ల కాలనీలో ఇంటికి రోజుకు 50 రూపాయలు అక్కడే ఖర్చు పెడతారనుకుంటే మొత్తం అమ్మకం 15 వేలు, మిగులు 1,500. మూడు కొట్లుంటే తలా 500 మిగులుతుంది. పది కొట్లుంటే 150. అందులోనే కరెంటు, ఆటో, గడువు దాటి పారేసే సరుకు. ముందు ఖాళీ అయ్యేది అప్పు తెచ్చి ఫ్రిజ్ కొన్నామె కొట్టు. కాబట్టి ఇళ్లు కేటాయించక ముందే కాలనీకి వచ్చే వ్యాపారాల జాబితా వేసి, ఏది ఎన్ని నడుస్తాయో ఆ ఆడవాళ్లనే కూర్చోబెట్టి లెక్క కట్టించాలి. ఐదుగురు కిరాణా వాళ్లుంటే ఇద్దరు కిరాణా పెట్టుకుని, ఒకరు కూరగాయలు, ఒకరు పొద్దున టిఫిన్లు, ఒకరు గిన్నెలు, ప్లాస్టిక్ సామాన్లు పంచుకోవచ్చు. టిఫిన్లు పెట్టేవారు కూలీల ఆటోలు ఏ వేళకు కదులుతాయో వారం రోజులు గమనించి పొయ్యి వెలిగించాలి. ఆటోలు ఆరింటికి వెళ్లిపోతే ఏడింటికి ఇడ్లీ దించి లాభం లేదు.

కుట్టుపని సంగతి మరీ బాధ కలిగిస్తుంది. ఎక్కడ చూసినా సాయమంటే ఒక కుట్టుమిషను, నెల రోజుల శిక్షణ. పదేళ్లుగా జాకెట్లు కుట్టిన ఆమెను బొత్తాం కుట్టే పాఠం దగ్గర కూర్చోబెడతారు. ఆమెకు రానిది కుట్టడం కాదు, కొత్త ఊళ్లో నమ్మకం సంపాదించడం. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎవరూ ఖరీదైన జాకెట్టు గుడ్డ ఇవ్వరు, పాడు చేస్తుందేమోనని భయం. అదే చీరకు ఫాల్స్, పీకో అయితే ఇస్తారు. జిప్పు మార్చడం, కొలత వదులు చేయడం లాంటివీ ఇస్తారు. ఆ చీర శుభ్రంగా, చెప్పిన రోజుకు అందితే రెండోసారి ఆది జాకెట్టు పట్టుకుని వాళ్లే వస్తారు. మామూలు మిషనుపై పీకో రాదు, జిగ్‌జాగ్ కుట్టు వేసే పీకో మిషను కావాలి. ఇంట్లో ఇప్పటికే ఒక మిషను ఉన్నామెకు రెండోది అలాంటిదే ఇవ్వడం కన్నా పీకో మిషను ఇవ్వడం మేలు. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మలో దర్జీ పని కూడా ఉంది. పరికరాలకు 15 వేలు, 5 శాతం వడ్డీకి తొలివిడత లక్ష రూపాయల రుణం. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి, దరఖాస్తు ఎవరి పేరు మీద పోతోందో చూసుకోవాలి. బుట్టలు, చాపలు అల్లేవారూ ఇందులోకి వస్తారు.

అడవి మీద ఆధారపడ్డ కోయ, కొండరెడ్డి స్త్రీల కష్టం వేరు. అడ్డాకు, చింతపండు, ఇప్పపువ్వు, వెదురు, వీటిలో దేనికీ వాళ్లు పెట్టుబడి పెట్టలేదు. అడవికి దూరంగా కట్టిన కాలనీలో ముడిసరుకు కొనాల్సి వస్తే ఆ వ్యాపారం లెక్కే తిరగబడుతుంది. వాళ్లకు విస్తరాకుల మిషను ఇచ్చి చేతులు దులుపుకుంటే కొన్నాళ్లకు అది మూల పడుతుంది. ఆకు బాగా ఎండితే వేడి అచ్చు కింద పెళుసుగా విరుగుతుంది, తడి ఎక్కువైతే కట్టలో బూజు పడుతుంది. రోజూ ఆకు తెచ్చుకోగలిగిన చోట ఇది సమస్య కాదు. వారానికోసారి లోడు దించుకునే చోట నిలవకు పొడి గది, వాడేముందు చల్లే నీటి కొలత, రెండూ కుదరాలి. గిరిజన సహకార సంస్థ డిపోల నుంచి సంఘం పేరుతో ఆకు, చింతపండు సరఫరా చేయడం సాధ్యమైన పనే. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు ఖరారై ఉంటే, వాటికి విలువ కట్టి ఎవరి వాటా వారికి డబ్బుగా చెల్లించాలని భూసేకరణ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఏరుకొచ్చేది ఆడవాళ్లు కాబట్టి ఆ వాటా వాళ్ల ఖాతాలో పడటం న్యాయం. జలాశయంలో చేపల హక్కుల విషయంలోనూ ఇంతే. పట్టే మగవారికి మాత్రమే సభ్యత్వం ఇస్తే, ఎండబెట్టి సంతలో అమ్మిన ఆడవారు బయటే ఉండిపోతారు.

ఇప్పుడు డ్వాక్రా సంఘాల మాట. ఊరు మూడు కాలనీలకు చీలితే సంఘమూ చీలుతుంది. నలుగురు ఇక్కడ, ఆరుగురు నలభై కిలోమీటర్ల అవతల. సమావేశం జరగదు, వాయిదా తప్పుతుంది, ఆ మచ్చ పదిమందికీ అంటుతుంది. కదలకముందే కూర్చుని పొదుపు ఎంత, అంతర్గత అప్పులు ఎవరి దగ్గరెంత, బ్యాంకు బాకీ ఎంత, గ్రామైక్య సంఘానికి ఇవ్వాల్సింది ఎంత అని తేల్చి, పంపకం తీర్మానం రాసి అందరూ సంతకాలు చేయాలి. ఎక్కువమంది ఉన్న చోటికి పాత సంఘం పేరూ ఖాతా వెళ్లాలి. ఖాతా మూసేసి కొత్తది తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఖాతాను కొత్త శాఖకు మార్పించుకోవాలి, పాత చెల్లింపుల చరిత్రే రేపటి రుణానికి ఆధారం. విడిపోయిన నలుగురు మరికొందరిని కలుపుకుని కొత్త సంఘం పెడితే పుస్తకాలు మొదటి వారం నుంచే రాయాలి. సంఘం ఆరు నెలలుగా నడుస్తోందా అన్నది పుస్తకాల ప్రకారం చూడాలి తప్ప ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో ఉంది. మూలపడిన సంఘం మళ్లీ మొదలై మూడు నెలలు చక్కగా నడిస్తే అర్హత వస్తుందని కూడా ఉంది. 10 లక్షల దాకా సంఘ రుణానికి తనఖా అడగకూడదు, పొదుపు ఖాతాలోని డబ్బును పట్టి ఉంచకూడదు. నిర్వాసిత కాలనీ అనగానే ‘స్థిర చిరునామా లేదు’ అంటూ వెనక్కి పంపే శాఖలో ఈ మాటలు గుర్తు చేయాల్సిందే.

విడిగా అప్పు కావాల్సినవారికి కేంద్రం ముద్ర పథకంలో 50 వేల దాకా శిశు రుణం తనఖా లేకుండా దొరుకుతుంది. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదుకు ఆధార్‌తో పాటు పాన్ కావాలి, రుసుము లేదు. దానికి వందలు గుంజే నెట్ సెంటర్లకు డబ్బు ఇవ్వకండి. ఆధార్‌లో చిరునామా మార్పు అన్నిటికన్నా ముందు చేయించుకోవాలి. పచ్చళ్లు, పిండివంటలు అమ్మేవారి ఆహార భద్రతా నమోదు చోటుకు ముడిపడి ఉంటుంది, పాత ఊరి చిరునామాతో ఉన్నది కొత్త చోట చెల్లదు. ఇంటి పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఇవ్వవచ్చని చట్టం రెండో షెడ్యూలే చెబుతోంది. అలా ఉంటే కొట్టుకు స్థలం రుజువు ఆమె చేతిలోనే ఉంటుంది, కాబట్టి పట్టా రాసేటప్పుడే అడగాలి.

కొత్త ఊరి సంతలో చోటు దొరకడం మరో పరీక్ష. ఎవరి చోటు వారికి ఏళ్లుగా ఖరారై ఉంటుంది, కొత్తగా వచ్చినామె గంప దించగానే గొడవ. ఆశీలు (సంత రుసుము) పాటదారు ఎంత వసూలు చేయాలో ధరల పట్టిక సంత మొదట్లో కట్టించడం పంచాయతీ పని. కాలనీ సంఘాలను విడిగా ఉంచక, ఆ ఊరి గ్రామైక్య సంఘంలో, మండల సమాఖ్యలో కలిపితే గొడవలు సగం తగ్గుతాయి. స్థానిక సంఘంతో కలిసి ఒకే లోడు సరుకు కొంటే ఇద్దరికీ బాడుగ కలిసొస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లది కూడా తప్పని అనలేం. మూడు వందల కుటుంబాలు ఒక్కసారిగా వచ్చిపడితే వాళ్ల అమ్మకమూ చీలుతుంది.

అధికారులను మేం కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సర్వే ఫారంలో ప్రతి వయోజన స్త్రీ పేరు ఎదుట ఆమె సొంత వ్యాపారం, రోజు అమ్మకం, పెట్టుబడి, బయట ఉన్న అరువు రాయాలి. ముసాయిదా పునరావాస పథకాన్ని గ్రామసభలో చర్చించే రోజున ఆ జాబితాను పైకి చదవాలి. వంద ఎకరాలు, అంతకు మించి సేకరించే ప్రాజెక్టుకు 45వ సెక్షన్ కింద వేసే కమిటీలో మహిళా ప్రతినిధిగా నిజంగా వ్యాపారం చేసిన ఒకామెను తీసుకోవాలి. ఒక్కో కాలనీకి డ్వాక్రా సంఘాలను చూసే వెలుగు తరఫున ఒక వ్యాపార సీఆర్‌పీని (సంఘాలకు తోడ్పడే శిక్షణ పొందిన కార్యకర్తను) కనీసం పద్దెనిమిది నెలలు ఉంచి, నెలకోసారి ప్రతి కొట్టు పుస్తకం చూడాలి.

మీ పత్రిక చేయగలిగింది కూడా ఒకటుంది. రెండు పాతిక వేల పద్దుల సంగతి, ఆరు వారాల గడువు సంగతి చింతూరు, కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలకు వెళ్లే జిల్లా పేజీలో చిన్న బాక్సు కట్టి, అవార్డులు ఇచ్చే రోజుల్లో వరుసగా వారం పాటు వేయండి.

– నిర్వాసిత మహిళల జీవనోపాధులపై పనిచేస్తున్న కార్యకర్తలు